రసీదు లేని గంటలు

ర్యాంకుల భాష తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ఫలితాలు వచ్చిన మర్నాడు దినపత్రిక విప్పితే మొదటి పేజీలో వార్త కనబడదు. ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ కాలేజీ ప్రకటనలో పాస్‌పోర్టు ఫొటోల వరస కనబడుతుంది. ఆ వరసలో లేని పిల్లలు ఏమయ్యారని ప్రకటనని నిలదీయడం మర్యాద కాదు. ప్రభుత్వాలు ఈ విద్యని మన కాలేజీల దగ్గరే నేర్చుకున్నట్టున్నాయి. 2016లో కేంద్రం రాష్ట్రాలకు పెట్టిన సులభ వాణిజ్య పరీక్షలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరో 98.78 శాతం తెచ్చుకుని మొదటి ర్యాంకు ఉమ్మడిగా పంచుకున్నాయి. నీళ్ల దగ్గరా ఆస్తుల దగ్గరా ఒక్క అంకె మీదా కుదరని అన్నదమ్ములకు ఇక్కడ రెండో దశాంశం దాకా పొత్తు కుదిరింది. ఇక దేశానికి పెట్టిన పెద్ద పరీక్ష ప్రపంచ బ్యాంకు వారి ‘డూయింగ్ బిజినెస్’. అందులో సరుకుని సరిహద్దు దాటించే పేపర్లో మన ర్యాంకు 2018 నివేదికలో 146, మరుసటి ఏడు 80, ఆ పైయేడు 68. రెండేళ్లలో 78 మెట్లు. ఈ మెట్లెక్కిన ఘనుడెవరో, సరుకో కాగితమో, కాస్త విచారించాలి.

2018 నివేదిక ప్రకారం ఎగుమతి సరుకు కస్టమ్స్, రేవు తనిఖీలు దాటడానికి 106 గంటలు, కాగితాలు సిద్ధం కావడానికి 38 గంటలు పట్టేవి. 2020 నివేదికకల్లా అవి 52, 12 అయ్యాయి. సరిహద్దు ఖర్చు 382 డాలర్ల నుంచి 212కి దిగింది. సంతోషించాల్సిన విషయమే. సంతోషించే ముందు ఆ గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో చూస్తే బాగుంటుంది. పాత పద్ధతిలో ఫ్యాక్టరీ గేటు నుంచి ఓడలోకి ఎక్కించేదాకా లెక్కపెట్టేవారు. ఆ లెక్కన మన దేశానికి సుమారు 17 రోజులు పట్టేది. 2016 నివేదిక నుంచి పద్ధతి మారింది. దేశంలోపలి రవాణాకు పట్టే సమయం, ఖర్చు ఎంతో కనుక్కునేవారు, రాసుకునేవారు, మార్కుల్లో మాత్రం కలిపేవారు కాదు. సుంకాలూ కలిపేవారు కాదు. మన దేశం తరఫున పరీక్ష రాసింది ముంబై, ఢిల్లీ నగరాలు రెండే. విశాఖ, కాకినాడ, హైదరాబాద్ శివార్లలోని గోదాములు హాజరుపట్టీలోనే లేవు. అన్నిటికంటే ముచ్చటైన నియమం ఇంకొకటుండేది. రసీదు ఇవ్వని చెల్లింపుల్ని ఖర్చులో చేర్చేవారు కాదు. చేతికింద నుంచి వెళ్లిన నోటు గణాంక శాస్త్రం దృష్టిలో మోక్షం పొందినట్టే. రసీదు అడిగే ధైర్యం ఎగుమతిదారుకు ఉంటే ఆ చెల్లింపే ఉండేది కాదన్న చిన్న చిక్కు ఆ నియమం రాసినవారికి తట్టలేదో, తట్టినా రాయలేదో.

దూరం దేశాల భూగోళం తెచ్చిపెట్టేది, దానికి ప్రభుత్వానికి మార్కులు కోయడం అన్యాయం అని వాదించవచ్చు. వాదనలో బలముంది. అయితే గుంతల రోడ్డు, టోల్ గేటు దగ్గర క్యూ, రేవు గేటు బయట రాత్రంతా నిలబడే లారీ భూగోళ శాస్త్రంలోకి ఎలా వచ్చాయో కూడా ఆ వాదనే చెప్పాలి. మన కస్టమ్స్ శాఖ స్వయంగా చేసే జాతీయ సమయ అధ్యయనం ఈ విషయంలో ప్రపంచ బ్యాంకు కన్నా నిజాయితీగా ఉంది. కొందరు నిపుణుల అంచనా మీద ఆధారపడకుండా అసలు బిల్లుల తేదీలు, గంటలు చూస్తుంది. కస్టమ్స్ వాళ్ల అనుమతి, అంటే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, చేతికి రావడం వేరనీ సరుకు నిజంగా కదిలి వెళ్లడం వేరనీ అందులో ఒప్పుకుంటుంది. ఓడరేవుల్లో 24 గంటలు, విమానాశ్రయాల్లో 12 గంటలు అన్న లక్ష్యం మాత్రం మొదటిదాని చుట్టూ తిరుగుతుంది. మా బల్ల దాటిందా, మా పని అయిపోయింది. ఆ తర్వాత కంటైనర్ యార్డులో ఎన్ని రోజులు ఎండినా అది ప్రకృతి.

అసలు గంటల్లో కొలవడంలోనే ఒక గమ్మత్తుంది. గంటలు ఆదా అయితే రోజులు ఆదా అవుతాయని బడిలో లెక్క నేర్పుతారు గానీ రేవులో ఆ లెక్క చెల్లదు. మీరు ఎక్కించాల్సిన ఓడ వారానికోసారి వచ్చేదనుకోండి. కాగితం 40 గంటలు ముందే వచ్చినా ఓడ ముందు రాదు. కటాఫ్ గంట దాటి ఒక్క గంట ఆలస్యమైతే పోయేది గంట కాదు, వారం. అందుకే ఎగుమతిదారు సగటును నమ్మి వ్యాపారం చేయడు. 52 గంటలన్నది సగటు. ఆయనకు నిద్రపట్టనివ్వనిది పదిసార్లలో ఒకసారి సరుకుని ఆపి పెట్టె విప్పమనే అధికారి. ఆ ఒక్కసారి కోసం పదిసార్లూ నాలుగు రోజులు ముందే సరుకు పంపుతాడు, గోదాము అద్దె కడతాడు, బ్యాంకు వడ్డీ మోస్తాడు. మేరీ హాల్‌వార్డ్-డ్రైమియర్, లాంట్ ప్రిచెట్ అనే ఆర్థికవేత్తలు 2015లో ఈ డూయింగ్ బిజినెస్ లెక్కల్ని, అసలు కంపెనీలు చెప్పిన అనుభవాల్ని పక్కపక్కన పెట్టి చూశారు. రెండిటికీ పొంతన లేదు. ఒకే దేశంలో ఒకే పనికి ఒకడికి పూట, ఇంకొకడికి నెల పడుతోంది. నియమాలు కఠినంగా ఉన్నచోట నడిచేవి నియమాలు కావనీ బేరాలనీ వాళ్లు తేల్చారు. కస్టమ్స్ పనులు చూసిపెట్టే మన ఏజెంట్లను (సీహెచ్ఏలను) ఎవరిని అడిగినా టీ చల్లారేలోపు ఇదే చెప్పేవారు. ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చయింది కాబట్టి ఇప్పుడు నమ్మవచ్చు.

విశాఖ నుంచి గానీ చెన్నై నుంచి గానీ కంటైనర్ ఎక్కితే ప్రయాణం మొదలైనట్టేననుకుంటే అదీ తొందరపాటే. మన దేశపు ట్రాన్స్‌షిప్‌మెంట్ సరుకులో, అంటే మధ్యలో ఓడ మారాల్సిన సరుకులో, దాదాపు 75 శాతం విదేశీ రేవుల్లోనే ఓడ మారుతోంది. కొలంబో, సింగపూర్, క్లాంగ్ రేవులే అందులో సింహభాగం పంచుకుంటున్నాయి. ఏడువేల కిలోమీటర్లు దాటిన తీరం ఉన్న దేశం తన డబ్బాల్ని పక్క దీవికి పంపి అక్కడ పెద్ద ఓడ ఎక్కిస్తోంది. కేరళలోని విళింజం రేవు 2025 మేలో ప్రారంభమయ్యాక ఇది మారుతుందని ఆశ. ఆశకు ఖర్చు లేదు.

గంటల సంగతి అలా ఉంచి డబ్బు చేతికి రావడానికి పట్టే సమయం చూద్దాం. దాన్ని ఏ గడియారమూ కొలవదు. 146 నుంచి 80కి ఎగబాకిన ఆ ఏడాది ఎగుమతిదారులు ఏం చేస్తున్నారో గుర్తుందా? 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఎగుమతి మీద ముందు పన్ను కట్టినవాళ్లు తర్వాత వాపసు తీసుకోవాలి. షిప్పింగ్ బిల్లులో ఇన్‌వాయిస్ నంబరు ఒకలా, రిటర్నులో ఇంకొకలా పడితే వాపసు అక్కడే ఇరుక్కుపోయేది. అలా ఇరుక్కున్నవి ఎంతగా పేరుకున్నాయంటే కస్టమ్స్ శాఖ 2018 మార్చిలో పదిహేను రోజులు ప్రత్యేకంగా రిఫండ్ పక్షం జరపాల్సి వచ్చింది. అది చాలక మే నెలాఖరులో మరో పక్షం మొదలుపెట్టారు. ఎగుమతిదారు డబ్బు ఎగుమతిదారుకివ్వడానికి పండగ చేసిన అదే సంవత్సరం మన ర్యాంకు 66 మెట్లు ఎక్కింది. రెండూ నిజమే. పన్ను వాపసుకు పట్టిన నెలలు ఆ పేపర్లో లేవు, కాబట్టి సిలబస్‌లో లేనిదానికి మార్కులు పోవు. తర్వాత 2021 జనవరి 1న పాత ప్రోత్సాహక పథకం తీసేసి రోడ్‌టెప్ అనే కొత్తది పెట్టారు. ఏ సరుకుకు ఎంత శాతం అన్న పట్టిక ఆగస్టు 17న వెలువడింది. ఏడున్నర నెలలపాటు ఎగుమతిదారులు ఎంతొస్తుందో తెలియని మొత్తాన్ని లెక్కలో వేసుకుని విదేశీ కొనుగోలుదారుకు ధర చెప్పారన్నమాట. జ్యోతిషాన్ని వాణిజ్య కోర్సులో చేర్చడానికి అప్పుడే మంచి అదను ఉండింది, ఎవరూ వాడుకోలేదు.

ఖర్చుల సంగతి ఇంకా రసవత్తరం. మన సరుకు రవాణా ఖర్చు జీడీపీలో 13, 14 శాతమని ఏళ్ల తరబడి సదస్సుల్లో వినిపించింది. 2022-23 ఆర్థిక సర్వే ఇంకాస్త ఉదారంగా 14 నుంచి 18 శాతం అంది. దీన్ని ఒంటి అంకెలోకి దించుతామంటూ 2022 సెప్టెంబరులో జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చింది. 2025 సెప్టెంబరులో కేంద్రం, ఎన్‌సీఏఈఆర్ సంస్థ కలిసి వేసిన కొత్త లెక్క వచ్చింది: 2023-24లో ఖర్చు 7.97 శాతమే. మూడేళ్లలో సగం తగ్గించిన మొనగాడు కాలిక్యులేటరు. కొత్త లెక్క పాతదాని కన్నా ఎన్నో రెట్లు పద్ధతైనదే, అందులో సందేహం లేదు. పాతది ఊహ. అయితే ఊహని రోగంగా చూపించి విధానం రాసినవాళ్లు, లెక్క వచ్చాక దాన్నే వైద్యంగా చూపించడం చూస్తే నవ్వొస్తుంది. అదే నివేదికలో ఇంకో వివరం ఉంది, దానికి హోర్డింగులు కట్టలేదు. టర్నోవరు 250 కోట్లు దాటిన వ్యాపారాలకు ఈ ఖర్చు ఉత్పత్తి విలువలో 7.6 శాతమైతే, 5 కోట్లలోపు వాళ్లకు 16.9 శాతం. చిన్నవాడు రెట్టింపు పైగా కడుతున్నాడు. సగటులో ఇద్దరూ కలిసి హాయిగా ఉన్నారు.

ఇంత వెటకారం ఎందుకు, నిజంగా బాగుపడినవి కనబడవా అంటారు. కనబడతాయి. కాగితాల్ని ఆన్‌లైన్లో ఎక్కించే ఈ-సంచిత్ వచ్చింది. అధికారి వచ్చి సీలు వేసేదాకా కాచుకోకుండా ఫ్యాక్టరీలోనే ఎలక్ట్రానిక్ సీలు వేసుకునే వీలొచ్చింది. పదిమంది చేతుల మీదుగా తిరిగే ఫైలు తెర మీదికి రావడం చిన్న మేలు కాదు, దాన్ని ఎగుమతిదారులే ముందు ఒప్పుకుంటారు. కొలిచారు కాబట్టే ఇవి జరిగాయన్న మాటా చాలావరకు నిజం. పేచీ కొలతతో కాదు, కొలిచిన ముక్కని మాత్రమే బాగుచేసి మొత్తం బాగుపడిందని ఊరేగడంతో. ఆ పరీక్ష పెట్టినాయన గతి కూడా తెలిసిందే. చైనా, సౌదీ అరేబియా, యూఏఈ, అజర్‌బైజాన్ మార్కుల్లో తేడాలు బయటపడి, 2021 సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు డూయింగ్ బిజినెస్‌ని మూసేసింది. ఆ జాబితాలో మన పేరు లేదు. మనం నియమాల ప్రకారమే రాశాం, నియమాలే అలా ఉన్నాయి.

ఆలస్యం ఖరీదు ఎవరు కడతారన్నది చివరికి మిగిలే ప్రశ్న. సిమియన్ జాంకోవ్, కరోలిన్ ఫ్రాయిండ్, కాంగ్ ఫామ్ 98 దేశాల లెక్కలు తీసి, ఓడ ఎక్కేముందు పట్టే ప్రతి అదనపు రోజుకీ వాణిజ్యం ఒక శాతానికి పైగా తగ్గుతుందని 2010లో చూపించారు. వాళ్లు వాడింది గేటు నుంచి ఓడ దాకా కొలిచిన ఆ పాత గడియారాన్నే. ఆ శాతం ఏదో గాలిలో కలవదు. భీమవరం రొయ్యనే చూడండి. విదేశీ కొనుగోలుదారు ఈక్వడార్ ధర చూసి మన ధర చెబుతాడు. యాంటీబయాటిక్ పరీక్ష, చల్లగా ఉంచే రీఫర్ కంటైనర్‌కు రేవులో కరెంటు, తప్పిపోయిన ఓడ, ఎర్రసముద్రంలో దాడుల వల్ల ఆఫ్రికా చుట్టూ తిరిగి పది పన్నెండు రోజులు ఎక్కువైన ప్రయాణం, వీటిలో దేన్నీ ఆయన మీద వేయడం కుదరదు. ప్రాసెసింగ్ ప్లాంటు తన మార్జిన్ వదులుకోదు. చివరికి అదంతా చెరువు గట్టు మీదికి వచ్చి కిలోకు వంద తూగే ‘వంద కౌంటు’ రొయ్య ధరలో కోతగా తేలుతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు అందరూ ట్రంప్‌ని తిట్టారు, తిట్టాల్సిందే. మన రేవుల్లో, మన కార్యాలయాల్లో ఏళ్లుగా ఊరికే పోతున్న రోజులూ సుంకాలే. వాటికి ట్వీటు ఉండదు, అందుకని ధర్నా కూడా ఉండదు.

సముద్రం, ఓడలు, ట్రంప్ ప్రభుత్వం చేతిలో లేవు కదా అన్న అభ్యంతరం మిగిలింది. పూర్తిగా సబబే. అందుకని ప్రభుత్వం చేతిలోనే ఉన్నది ఒకటి చూసి ఊరుకుందాం. 2022 ఏప్రిల్‌లో ప్రపంచానికి తిండి పెట్టడానికి సిద్ధమని ప్రధాని అన్నారు, మే 13న గోధుమ ఎగుమతి ఆపేశారు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం వంతు వచ్చింది, ఆఫ్రికాకు బియ్యం పంపి బతికే కాకినాడ రేవు మీద ఆ దెబ్బ పడింది. పద్నాలుగు నెలల తర్వాత, 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేశారు. దేశంలో ధరలు అదుపులో ఉంచడానికి ఇలాంటి నిర్ణయం తప్పదనే సందర్భాలుంటాయి, ఆ చర్చ వేరు. కానీ ఆ పద్నాలుగు నెలలు ఏ సమయ అధ్యయనంలోనూ ఆలస్యంగా నమోదు కాలేదు. కదలని సరుకుకు షిప్పింగ్ బిల్లు ఉండదు, బిల్లు లేనిచోట గడియారం మొదలే కాదు. వచ్చే నివేదికలో ఒక గడి అదనంగా వేస్తే చాలు: నోటిఫికేషన్ వెలువడటానికీ అది అమల్లోకి రావడానికీ మధ్య ఎగుమతిదారుకు ఇచ్చిన గంటలెన్ని అని. అప్పటికే ఓడలో ఎక్కుతున్న సరుకుకు మినహాయింపు ఇచ్చారు గనక అది పక్కన పెడదాం. మిగతావాళ్ల గడిలో సున్నా రాయాలి. లక్ష్యం 24 గంటలైతే సాధించింది సున్నా గంటలు, ప్రపంచంలో ఏ రేవూ దగ్గరికి రాలేని వేగం.