సెకనుకో లారీ

బనగానపల్లె మామిడికి ఇంతవరకూ ఐపీఎల్‌లో పది సెకన్ల ప్రకటన కూడా లేదు. ఎంత నామర్దా! నవాబుల కాలం నుంచి పేరుంది, 2017లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది అని మురిసిపోతే సరిపోతుందా? ఐపీఎల్ మార్చి ఆఖర్లో మొదలై మే ఆఖరుదాకా సాగుతుంది. మా కాయ కోతకొచ్చేదీ ఆ రోజుల్లోనే. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ పంచాంగం చూసినా దొరకదు. అందుకని తోటలవాళ్లంతా తలా ఇంత చందా వేసుకుని ఒక ప్రకటన ఇచ్చేయాలని నా ప్రతిపాదన.

ముందు లెక్క చూద్దాం. 2023 నుంచి 2027 దాకా 410 మ్యాచ్‌లను టీవీలో చూపించడానికి డిస్నీ స్టార్ పాడుకున్న పాట 23,575 కోట్లు. మ్యాచ్‌కు 57 కోట్ల 50 లక్షలు. రెండు జట్లవీ కలిపి 240 బంతులు కాబట్టి బంతికి సుమారు 24 లక్షలు. వైడు పడితే వేసే బంతి మాత్రం కొసరు. ఇంత పోసినవాళ్లు ఎవరి దగ్గరో రాబట్టుకోవాలి కదా! 2023 వన్డే ప్రపంచకప్‌లో పది సెకన్లు 30 లక్షల దాకా పలికాయని వార్తలొచ్చాయి. బేనీషా, అంటే మా బనగానపల్లె కాయే, టన్ను 30 వేలు అనుకుంటే అది 100 టన్నులు. లారీకి పది టన్నుల చొప్పున పది లారీలు. సెకనుకో లారీ! మండీలో కమిషనూ తరుగూ కోసుకోకముందు మాట ఇది.

ఖరీదెక్కువే. కానీ పెద్దపెద్ద కంపెనీలు ఊరికే పెడతాయా? పెట్టిన పెద్దల సంగతి చూడండి.

2020 ఆగస్టులో ఆన్‌లైన్ ఆటల యాప్ డ్రీమ్11 ఒక్క సీజనుకు ఐపీఎల్ మీద తన పేరు రాయించుకోవడానికి 222 కోట్లు పోసింది. సరిగ్గా ఆ మరుసటి నెలలోనే మన రాష్ట్ర మంత్రివర్గం డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాలని తీర్మానించింది. ఇక చూడండి తమాషా. దాదాపు ఐదేళ్లపాటు క్రికెటర్లూ సినిమా స్టార్లూ మన ఇళ్లలోకి వచ్చి, జట్టు కట్టండి రండి అని బతిమాలారు. సరేనని ఫోను తీస్తే, డబ్బు కట్టే పోటీలకు మీ రాష్ట్రంవాళ్లు పనికిరారు పొమ్మంది. అమ్మడానికి వీల్లేని ఊళ్లో కోట్లు పోసి దండోరా వేయించిన మహానుభావులు! ఆ ప్రకటనల్లో నిజం పలికింది ఒక్క గొంతే. ఇది వ్యసనం కావచ్చు, డబ్బు పోవచ్చు అని చివర్లో ఎవరో తరుముకొస్తున్నట్టు గడగడా చదివేవాడిది. 2023లో 358 కోట్లకు టీమిండియా చొక్కా మీదికీ ఎక్కారు. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం తేవడంతో దిగిపోయారు.

అంతకుముందు అదే చొక్కా మీద బైజూస్ ఉండేది. 2022లో ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు కూడా స్పాన్సర్. పిల్లలకు లెక్కలు నేర్పే ఆ కంపెనీ మీద 158 కోట్ల బాకీ కోసం బీసీసీఐ ట్రిబ్యునల్‌కు ఎక్కాల్సి వచ్చింది. మన తెలుగువాళ్లేం తీసిపోయారని? ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఐటీ సేవలందిస్తామని సత్యం 2007లో ఒప్పందం చేసుకుంది. కప్పు రాకముందే, 2009 జనవరి 7న, లెక్కల గుట్టు విప్పుతూ కంపెనీ అధిపతి రాజుగారి ఉత్తరం వచ్చింది. 2010లో మైదానం చుట్టూ వెలిగిన బోర్డుల మీద సత్యం ముందు మహీంద్రా చేరి ఉంది.

కూల్‌డ్రింకులవాళ్ల సంగతి వేరు, ఒప్పుకుంటాను. థమ్సప్ సీసా ప్రతి బంకులోనూ ఉంటుంది. ప్రకటన చూసినవాడు లేచి నాలుగడుగులు వేస్తే చేతికొస్తుంది. పెట్టిన డబ్బుకు దారి ఉంది. ఆ దారి లేనివాళ్లే ఎక్కువ అరుస్తారు.

యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడంటారు. ఓవరుకూ ఓవరుకూ నడుమ ప్రకటనలు ఆయన్ని ఎప్పుడో దాటేశాయి. స్ట్రాటజిక్ టైమౌట్ వచ్చిందంటే రెండున్నర నిమిషాలు. అప్పుడు టీ బంకు దగ్గర జనం ఏం చేస్తారో ముంబై ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు ఒక్కసారి వచ్చి చూడాలి. అంతసేపూ టీవీకి అతుక్కున్న తలలన్నీ ఒక్కసారిగా పొయ్యి వైపు తిరుగుతాయి. "రెండు టీ ఇయ్యప్పా!" "నాకు చక్కెర తక్కువ!" తెర మీద హీరో యాలకుల పొట్లం పట్టుకుని ఎంత ఎగిరినా జనం వీపుల మీదే ఆడుతుంది సినిమా. బౌలరు మళ్లీ బంతి అందుకునే లోపు గ్లాసులన్నీ ఖాళీ. లక్షలు పోసి కొన్న విరామంలో నికరంగా పెరిగిన గిరాకీ టీ బంకువాడిదే. అతను ఎవరికీ పైసా కట్టలేదు.

అయినా నా ప్రతిపాదన వెనక్కి తీసుకోను. మామిడి రసానికి ప్రకటనలున్నాయి కదా, దాని సంగతీ చూద్దాం. 2025లో తోతాపురి రైతుకు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, సర్కారు 4 కలుపుతుంది అని ప్రభుత్వం తేల్చింది. ఆ 8 రూపాయల కోసం చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరసలు కట్టాయి. ఆ లెక్కన పది సెకన్లకు 375 టన్నులు. మామిడి రసం ప్రకటనల్లో మాత్రం రైతుకూ ట్రాక్టరుకూ చోటుండదు, అందగత్తె పెదవికీ జారే చుక్కకూ తప్ప.

కాబట్టి మనమూ ఆ పద్ధతిలోనే పోదాం. ప్రకటనలో కాయ కనిపించకూడదు, పాతకాలం వాసన వస్తుంది. హీరో హెలికాప్టర్ నుంచి నవాబు బంగళా మీదికి దూకాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు. పసుపు రంగు పొగ రావాలి. చివర్లో గడగడా చదివే ముక్క మాత్రం నేను రాసి పెట్టాను: ఈ పేరుతో అమ్మే పండ్లలో ఎక్కువ భాగం వేరే జిల్లాల తోటలవి, బనగానపల్లెలో దొరక్కపోవచ్చు.