ఎదుటి సీటుతో వైరం తెగకుండా నడుపుకునే విధానం

ఎదుటి సీటు సీనియర్ అసిస్టెంటు బీరువా తాళాలు జేబులో వేసుకుని సెలవు మీద వెళ్లాడు. ఆయన సీటుకు ఇన్‌చార్జి మీరే. పై ఆఫీసు వాళ్లు ఫైలు పట్టుకు రమ్మంటున్నారు. ఒక్క ఫోన్‌తో అయిపోయే పని, అందుకే ఫోన్ చేయకూడదు. చేస్తే ఆయన "అయ్యో, మర్చిపోయానండీ, మా అబ్బాయితో పంపిస్తా" అంటాడు. వైరం పురిట్లోనే పోతుంది.

నోటు పెట్టండి. అందులో ఆయన పేరు రాయొద్దు, "సంబంధిత సీటు సహాయకులు గారు" అనండి. ఆఫీసులో కోపం పెరిగేకొద్దీ "గారు"లు కూడా పెరగాలి. సూపరింటెండెంటు దాని మీద "చర్చించండి" అని రాసి తిప్పి పంపవచ్చు. అది ప్రమాదం. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే మాటలు కలుస్తాయి. ఏడాదికి 15 సీఎల్‌లు ఎందుకిచ్చారనుకున్నారు? చర్చ రోజున ఒకటి వాడండి.

ఏదైనా చెప్పాలంటే అటెండరు చేత చెప్పించండి. ఆయన రెండు మాటలు కలిపి చెబుతాడు, అవతలివాళ్ల జవాబుకు మరో రెండు కలిపి తెస్తాడు. ఆ నాలుగు మాటల మీద మూడు నెలలు గడపవచ్చు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎదుటి సీటాయన పెట్టిన శుభోదయానికి తప్ప అందరి శుభోదయాలకూ దండం పెట్టండి.

ఇక ఆకాశరామన్న ఉత్తరం. ఇందులో మనవాళ్లు తరచూ దొరికిపోతారు. ఎడమచేత్తో రాస్తారు, పక్క ఊళ్లో పోస్టు చేస్తారు, చివర మాత్రం "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" అని ముగిస్తారు. దారిన పోయేవాడెవడు అలా రాస్తాడు? సెక్షనంతా ఐదు నిమిషాల్లో ఆనవాలు పడుతుంది. అయినా రాయండి, వైరానికి ప్రచారం కూడా కావాలి.

దీర్ఘకాలం నడవాలంటే సమాచార హక్కు చట్టమే శరణ్యం. బావమరిది పేరుతో దరఖాస్తు పెట్టించి ఎదుటి సీటాయన సెలవులు, టీఏ బిల్లులు, పాత మెమోలు అన్నీ అడిగించండి. ఉద్యోగి మెమోలు, శిక్షల వివరాలు వ్యక్తిగత సమాచారమని 2012లోనే గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు అన్నది కాబట్టి తిరస్కరణ దాదాపు ఖాయం. మనకు కావలసిందీ అదే. జవాబుకు 30 రోజులు. ఆపైన మొదటి అప్పీలు. అదీ పోతే కమిషన్‌కు రెండో అప్పీలు వేయడానికి 90 రోజుల గడువు. ఈలోగా ఆ జవాబులు తయారుచేసే సీటు మీదే అయితే మీ పని మీరే పెంచుకున్నారన్నమాట, కానీ త్యాగం లేనిదే పగ నిలవదు.

మీరు సూపరింటెండెంటు అయితే తప్పెవరిదని విచారించకండి. ఇద్దరికీ చెరొక మెమో ఇవ్వండి. 1964 నాటి ప్రవర్తనా నియమావళిని, 1991 నాటి సీసీఏ నియమాలను ఒకే వాక్యంలో ఉదహరిస్తే చాలు, అప్పటిదాకా మాట్లాడుకోని ఇద్దరూ మీ మీద మాట్లాడుకోవడం మొదలుపెడతారు. మధ్యలో ఎవరైనా "మారు తాళంచెవి చేయిద్దామండీ" అంటే, కంటింజెన్సీలో బడ్జెట్ లేదనండి.

ఈ విధానానికి ఒకే గండం ఉంది, ఎన్నికల డ్యూటీ. సిబ్బందిని జతచేసే కంప్యూటరుకు మీ పగ సంగతి తెలియదు. ఎదుటి సీటాయన్ను ప్రిసైడింగ్ అధికారిని, మిమ్మల్ని ఆయన కింద సహాయ అధికారిని చేసి ఏదో ఊరి బడికి పంపిస్తుంది. రాత్రంతా ఒకే గదిలో పడక. తెల్లవారుజామున మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేయించి, లెక్క సరిపోయిందో లేదో ఇద్దరూ చూసుకోవాలి. అంకెలు తప్ప ఇంకేమీ పలకకండి. దోమల చుట్ట ఆయన దగ్గర ఒకటే ఉంటే ఇటు జరపమని అడగకండి. సెక్టార్ అధికారి రాగానే "విషయం: దోమల చుట్ట" అని కాగితం రాసి ఇచ్చి, ప్రతి మీద సంతకం తీసుకోండి.