పదికి పది గది, పాత పరుపులు

పొడవు పది అడుగులు, వెడల్పు పది, ఎత్తు పది. మేస్త్రీ దృష్టిలో అంతకన్నా లక్షణమైన గది లేదు. పాట రికార్డు చేసుకునేవాడికి అంతకన్నా దరిద్రమైన గదీ లేదు. మా బావమరిదికి మిద్దె పైన దొరికింది సరిగ్గా అదే. ఊరు మదనపల్లె, పేట నీరుగట్టువారిపల్లె, పక్కింట్లో మరమగ్గాలు. నేలంతా కుప్పం గ్రీన్ గ్రానైట్. గృహప్రవేశానికి కుప్పం మేనమామ ఇచ్చిన కానుక అది. ఊరికే వచ్చిన రాయి కదా అని, మిగిలిన ముక్కల్ని గోడలకు కూడా నడుమెత్తు దాకా అంటించేశారు.

పాలిష్ పట్టిన గ్రానైట్ తన మీద పడ్డ శబ్దంలో నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే మింగుతుంది. మిగతాదంతా తిప్పి మన మొహాన కొడుతుంది. మావాడు చరణం ఎత్తుకున్నా పల్లవి ఇంకా గదిలోనే తిరుగుతూ ఉండేది.

ఈ జబ్బుకు మనవాళ్లందరికీ తెలిసిన మందు గుడ్ల ట్రేలు. ఊళ్లో ఉన్న బిర్యానీ సెంటర్లన్నీ తిరిగి తెచ్చాడు. అది పలచటి అట్ట. కీచు శబ్దాలను కాస్త చెదరగొడుతుందేమో గానీ బేస్ జోలికి పోలేదు. పైగా నిప్పురవ్వ పడితే భోగిమంటే. కొన్నాళ్లకు ఆ గుంతల్లో బల్లులు గుడ్లు పెట్టాయి. ట్రేలు వాటి పని అవి చేశాయి, వాటిని తప్పుపట్టలేం.

అసలు చిక్కంతా బేస్‌తోనే. పదడుగుల గదికి తనదంటూ ఒక శ్రుతి ఉంటుంది, సుమారు 56 హెర్ట్జ్. మూడు కొలతలూ ఒకటే అయితే మూడూ కలిసి అదే శ్రుతి పట్టుకుంటాయి. మూలల్లో మోత, నట్టనడుమ మౌనం. మావాడు దర్జాగా నట్టనడుమే కుర్చీ వేశాడు. బేస్ వినపడలేదు, పెంచాడు. అప్పటికీ వినపడలేదు, ఇంకా పెంచాడు. ఆ పాటను టమోటా మార్కెట్ దగ్గర ఆటోలో పెడితే, వెనక సీట్లో పెద్దాయన "అబ్బోడా, బండికి ఏమో అయ్యిండాది, ఆపు" అని దిగిపోయాడట.

గదిలో మోతను లెక్కకట్టే శాస్త్రానికి ఆద్యుడు హార్వర్డ్‌లో పనిచేసిన వాలెస్ సాబిన్. 1895లో, అంటే మన జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలో పుట్టిన ఏడాదే, హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో మాట అర్థం కావడం లేదు, చూడమని ఆయనకు అప్పగించారు. ఒక్క మాట అంటే అయిదున్నర సెకన్లు మోగేదట. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి సీటు మెత్తలు మోయించి, ఆర్గన్ గొట్టం మోగించి, స్టాప్‌వాచ్‌తో లెక్కకట్టి, తెల్లారేలోగా మెత్తలు మళ్లీ యథాస్థానానికి చేర్పించేవాడు. తెరిచిన కిటికీ ఆయన కొలబద్ద, అటు పోయిన శబ్దం తిరిగి రాదు కనుక. ఆయన సూత్రం ప్రకారం మావాడి గదిలో మోత మూడోవంతు సెకనులో అణగాలంటే సుమారు 14 చదరపు మీటర్ల కిటికీ తెరవాలి. అంత తెరిస్తే మరమగ్గం వచ్చి ఒళ్లో కూర్చుంటుంది.

కాబట్టి మెత్తలే గతి. ఫోమ్ పరుపులు వచ్చాక అటకెక్కిన దూది పరుపులు మా అత్తగారింట్లో బోలెడు. దింపి, దులిపి, చెక్క చట్రాల్లో బిగించి, పైన గోనెపట్టా కుట్టించాం. గోడకు ఆనించకుండా వెనక జానెడు ఖాళీ వదిలాం. గోడను ఆనుకున్న చోట గాలి కదలదు, ఎడంగా ఉంటే కదులుతుంది, దూది పట్టుకునేది ఆ కదలికనే. మూలల్లో నేల నుంచి కప్పు దాకా నింపేశాం. పక్కగోడల మీద ఎక్కడ పెట్టాలో తేల్చడానికి అద్దం కావాలి. కుర్చీలో కూర్చున్నవాడికి అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ పరుపు. అద్దం పట్టుకుని గోడ వెంబడి జరిగే బాధ్యత మా అత్తది.

"ఏం కనిపిస్తా ఉండాది రా?"

"నా మొగమేమా."

"అది చూసేదానికా ఇంత పని?"

కుర్చీని ముందు గోడకు నాలుగడుగుల లోపుకు జరిపాం. 56 పూర్తిగా చావలేదు గానీ అణిగింది. చప్పట్లు కొడితే ఇప్పుడు చప్పట్లే వినపడతాయి.

పరుపులకు లొంగనిది బయటి చప్పుడు. లోపలి మోత తగ్గించడం వేరు, బయటి రొద ఆపడం వేరు. రెండోదానికి బరువైన గోడ, బరువైన తలుపు, సందు లేని బిగింపు కావాలి. తలుపు కింద వేలెడు సందుంటే ఎంత ఖర్చు పెట్టినా దండగే. మగ్గాలు చాలవన్నట్టు ఇంట్లోనే ఇంకో చప్పుడు చేరింది. మావాడి అత్తవారిది పుంగనూరు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన వీడియో చూశాక వాళ్లకు ఊరి మీద గర్వం పొంగి, అల్లుడికో ఆవును తోలారు. మూడడుగుల ఎత్తు లేదు. అరుపు మాత్రం పొట్టిది కాదు. తలుపుకు రబ్బరు పట్టీలు వేశాం. అయినా రికార్డింగంటే మగ్గం వాళ్ల భోజనవేళ చూసుకుని, ఆవుకు గడ్డి వేశాకే.

ఖరీదైన ప్యానెళ్లు కొందామని మావాడు గొణిగినప్పుడల్లా నేను మదనపల్లెలోనే ఉన్న బి.టి. కాలేజీని గుర్తుచేస్తాను. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషు చేసిందీ, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిపెట్టిందీ అక్కడే. ఏ ప్యానెళ్లు ఉన్నాయని? "వాళ్లకు మిక్సింగ్ లేదు కదా బావా" అంటాడు. అదీ నిజమే.

వెనక గోడ ఇంకా బోసిగానే ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఎవరి అటక మీదైనా పాత దూది పరుపులుంటే పారేయకండి, కబురు చేయండి, మేమే ఆటో తెచ్చుకుంటాం. గ్రానైట్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.