అద్దం దించిన నేరం

బండికి ముసలితనం ఇదివరకు పదిహేనేళ్లకు వచ్చేది. 2025 నవంబరు నుంచి పదేళ్లకే వస్తోంది. కేంద్ర రవాణా శాఖ నోటిఫికేషన్ మీరు చదివే ఉంటారు. చదవకపోతే ఆర్టీవో ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే ఏజెంటు చదివి వినిపించే ఉంటాడు. ఇరవై ఏళ్లు దాటిన లారీకి ఫిట్‌నెస్ పరీక్ష ఫీజు అంతకుముందు 2,500, ఇప్పుడు 25,000. మధ్యరకం బండికి 20,000. పికప్ ట్రాలీలాంటి చిన్న బండికి 15,000. ఆటోకు 7,000. ఇంత కట్టినా పాసవుతుందన్న పూచీ లేదు, ఇది హాల్ టికెట్ ధర మాత్రమే. పసుపు ప్లేటు బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా పరీక్షే కనుక హాల్ టికెట్టూ ఏటా కొనాల్సిందే.

చాలామంది దీన్ని దౌర్జన్యం అంటున్నారు. నాకు మాత్రం సర్కారు మరీ మెతకగా ఉన్నట్టు అనిపిస్తోంది. 2025 సెప్టెంబరులోనే రవాణా మంత్రి గడ్కరీ గారు లెక్క చెప్పారు: 97 లక్షల పనికిరాని బండ్లను తుక్కు చేస్తే 40,000 కోట్ల జీఎస్టీ, 70 లక్షల ఉద్యోగాలు. ఇంత సంపద మన వాకిళ్లలో తుప్పు పట్టి పడి ఉంటే, దాన్ని ఖజానాకు చేరనివ్వకుండా అడ్డం పడుతున్నది ఎవరు? డోర్నకల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో, నల్లబడ్డ చేతులతో కూర్చున్న ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్. అతను బతికుండగా పాత బండి చావదు. ఫీజులు పెంచి లాభం లేదు. మరమ్మతును నిషేధించాలి. గుడుంబాను నిషేధించినట్టు.

నేరం ఎలా జరుగుతుందో కళ్లారా చూశాను కనుక చెబుతున్నాను. మిర్చి బస్తాలు ఖమ్మం యార్డుకు తోలే ఒక పాత పికప్ వచ్చి ఆగింది. ఎడమ తలుపు అద్దం సగంలో ఇరుక్కుంది, కిందికి రాదు, పైకి పోదు. మోటరు ఒక్కటే విడిగా ఇవ్వరట, మొత్తం సెట్టు కొనాలట, ఆ మోడలుకు సెట్టు రావడం కూడా ఆగిపోయిందట. భాయ్ ముందు ఫ్యూజు చూశాడు. స్విచ్ నొక్కి తలుపుకు చెవి ఆనించాడు. డోర్ ప్యాడ్ ఊడదీసి, అద్దం జారిపడకుండా పైనుంచి టేపు వేసి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా మోటరుకు తగిలించాడు. వైర్లు తారుమారు చేస్తే పైకి తిరగాల్సింది కిందికి తిరగాలి. ఎటూ తిరగలేదు. స్క్రూడ్రైవరు పిడితో మోటరు మీద రెండు తట్టాడు. ఒక్క చుట్టు తిరిగి ఆగింది.

"బ్రష్‌లు అరిగినయ్ సారూ, మోటరుకేం కాలే" అన్నాడు.

ఇక చేసిందంతా బహిరంగ నేరమే. వేరే పాత మోటరులోంచి తీసిన కార్బన్ బ్రష్‌ను రాయి మీద అరగదీసి ఇందులో కూర్చోబెట్టాడు. ఆర్మేచరును జీరో పేపరుతో తుడిచాడు. పళ్ల చక్రానికి గ్రీజు పెట్టాడు. తలుపు అడుగున వాన నీళ్లు పోయే బెజ్జాలుంటాయి, వాటిని సన్నటి తీగతో పొడిస్తే గుప్పెడు మిర్చి గింజలు, తొడిమలు, ఎర్రటి దుమ్ము రాలాయి. అవి పూడుకుపోయి, నీళ్లు లోపలే నిలిచి మోటరును తుప్పు పట్టిస్తున్నాయి. అద్దం జారే రబ్బరులోనూ అదే దుమ్ము. బిగుసుకున్న అద్దాన్ని లాగలేక మోటరు రోజూ వేడెక్కి చస్తోంది. వయసు వల్ల ఏమీ కాలేదు. స్విచ్ నొక్కాడు, అద్దం బుద్ధిగా కిందికి దిగింది. తీసుకున్నది కొత్త సెట్టు ధరలో ఏ మూలకూ రాదు. దేశానికి రావాల్సిన జీఎస్టీ ఆ తలుపులోనే సమాధి అయింది.

నిషేధం అమలుకు కొత్త శాఖ అక్కర్లేదు. ఎక్సైజ్ వాళ్లకు ఈ జిల్లాలో కావాల్సినంత అనుభవం ఉంది. నల్లబెల్లం, పటిక అమ్మే కొట్ల మీద నిఘా పెట్టినట్టే గ్రీజు డబ్బాలు, కార్బన్ బ్రష్‌లు అమ్మే కొట్ల మీద పెట్టాలి. అరకిలోకు మించి గ్రీజు కొన్నవాడి ఆధార్ నంబరు రాసుకోవాలి. తెల్లవారుజామున షెడ్ల మీద దాడులు. పట్టుబడ్డ మోటర్లను వరుసగా పేర్చి, వెనక సిబ్బంది నిలబడి ఫొటో దిగాలి. మర్నాడు జిల్లా పేజీలో వార్త: "నాలుగు మోటర్లు, అర డబ్బా గ్రీజు స్వాధీనం. ఇద్దరిపై కేసు. అద్దం పరార్."

మొదటిసారి దొరికినవాణ్ని తహసీల్దారు ముందు బైండోవర్ చేయాలి. ఏడాదిపాటు స్క్రూడ్రైవరు ముట్టనని లక్ష రూపాయల పూచీకత్తు. మళ్లీ దొరికితే పీడీ యాక్ట్. 1986 నాటి ఆ చట్టంలో దొంగసారా వ్యాపారి ఉన్నాడు, బందిపోటు ఉన్నాడు, గూండా ఉన్నాడు. ఆటో ఎలక్ట్రీషియన్‌ను చేర్చడానికి ఒక్క కామా చాలు. మారినవాళ్లకు పునరావాసం కూడా ఉండాలి. గుడుంబా మానేసిన కుటుంబాలకు 2 లక్షలు ఇచ్చిన రాష్ట్రం ఇది. మెకానిక్కులకూ ఇవ్వొచ్చు, ఆ డబ్బు కొత్త బండికి డౌన్ పేమెంటుగానే కట్టాలన్న షరతుతో.

చెక్‌పోస్టులో తనిఖీ తేలిక. కానిస్టేబుల్ "అద్దం దించు" అంటాడు. దిగితే రిపేరు చేయించినట్టు, కేసు. దిగకపోతే బండి అన్‌ఫిట్, అదీ కేసే. డ్రైవరు తెలివిగా తలుపు తెరిచి మాట్లాడితే అనుమానాస్పద ప్రవర్తన.

దొంగ వ్యాపారం ఎలాగూ సాగుతుందనుకోండి. డోర్నకల్ జంక్షన్ అందుకు అనువైన చోటు. ఇక్కడ ఎక్కిన మోటరు, టిఫిన్ క్యారియరులో అన్నం కింద దాక్కుని, అటు కాజీపేటకు, ఇటు ఖమ్మానికి, ఇంకో లైనులో మణుగూరుకు పోగలదు. ఊళ్లలో బెల్టు షాపులు వెలుస్తాయి. రాత్రి పదికి వెనక తలుపు తట్టి "ఉన్నయా భాయ్?" అంటే, లోపల్నుంచి కాగితంలో చుట్టిన రెండు బ్రష్‌లు చేతిలో పడతాయి. మాట్లాడుతుంటే గుర్తొచ్చింది, మనది రైల్వే ఊరు కదా, అసలు ముఠా రైల్వేలోనే ఉంది. నిజాం కాలంలో వేసిన ఈ లైను మీద రోజూ ఎవరో ఒకరు బోల్టులు బిగిస్తూనే ఉంటారు. 2024 సెప్టెంబరు 1న వరదకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర మొత్తం కొట్టుకుపోతే, కొత్త లైను కొనిపించకుండా నాలుగు రోజుల్లో పాతదాన్నే బాగుచేసి పారేశారు. ఆ నేరస్తులంతా ఇప్పటికీ ఉద్యోగాల్లోనే ఉన్నారు.

నిషేధోద్యమంలో త్యాగాలు చేసినవాళ్లనూ మరవకూడదు. విడిభాగాలు బయట మార్కెట్లో దొరక్కుండా చేశారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. చట్టం రాకముందే చట్టాన్ని అమలు చేసిన సమరయోధులు వాళ్లు, తామ్రపత్రాలు ఇవ్వాలి. 2022 జులైలో ఇదే కేంద్రం 'మరమ్మతు హక్కు' కోసం కమిటీ వేసి, ఫోన్లు, ట్రాక్టర్లతో పాటు మోటారు బండ్లనూ జాబితాలో చేర్చిందని కొందరు గుర్తు చేస్తున్నారు. అది కచ్చితంగా నిఘా విభాగం పన్నిన ఎత్తే. రిపేరు మీద ఆశ ఉన్నవాళ్లెవరో పేర్లు బయటపడాలి కదా.

పేర్లు బయటపడ్డాయి. ఇరవై ఏళ్ల ట్రాలీ నడిపేవాడి పేరు అది. 2025 వేసవిలో మిర్చి ధర పడిపోయి కిరాయి బాకీలు ఇంకా వసూలు కానివాడి పేరు. అతను ఏడాదికోసారి బండి మీద పెట్టగలిగింది పది, పదిహేను వేలు. ఆ డబ్బుతో బ్రేకు లైనింగు వేయిస్తాడు, నున్నబడ్డ టైరు మారుస్తాడు. సర్కారు వారూ, ఆ డబ్బు మీరు కౌంటరు దగ్గరే లాక్కుంటే బ్రేకు ఎవరు వేయిస్తారు? పరీక్షకు పోకుండా తిప్పుతాడు. ఫిట్‌నెస్ లేని బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు లాయరు మొట్టమొదట ఎత్తి చూపేది ఆ లేని కాగితాన్నే. ఫిబ్రవరిలో మిర్చి ఏరబోయే ఆడకూలీలు చీకటితో లేచి, సద్ది గిన్నెలు ఒళ్లో పెట్టుకుని, కుక్కుకుని ఎక్కేది ఈ బండ్లే. వేరే బండి వాళ్లకు ఎవరూ పంపరు. మీ రహదారి భద్రత వాళ్ల మీదుగానే పోతోంది.

పరీక్ష కేంద్రంలో బ్రేకు పట్టిందో లేదో రోలరు చెబుతుంది. పొగ ఎంతో మిషను చెబుతుంది. ఐదేళ్ల బండి ఎక్కినా, ఇరవై ఏళ్ల బండి ఎక్కినా ఆ రోలరు అంతే సేపు తిరుగుతుంది, కరెంటు అంతే కాలుతుంది. ఫెయిలైన బండిని నిలిపేయండి, ఎవడూ కాదనడు. పాసైన బండి దగ్గర ఇన్ని రెట్లు ఎందుకు గుంజుతున్నారు? రసీదు మీద పరీక్ష రుసుము అని అబద్ధం రాయకండి. కొత్త బండి కొనలేనందుకు జరిమానా అని రాసి, స్టాంపు వేసి ఇవ్వండి.