ఎడిషన్ రాయుడు

కొత్త ఎడిషన్ వస్తోందని కంపెనీ తరఫు మనిషి చెప్పడం పూర్తికాకముందే హాల్లో మూడో వరసలోంచి ఒక చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యి ఎడిషన్ రాయుడిది.

అసలు పేరు డేవో, మైకో, ఇంకోటో కావచ్చు. ఉండేది ఎక్కువగా అమెరికాలో. వయసు ఇరవై రెండు నుంచి అరవై రెండు దాకా ఎంతైనా ఉండొచ్చు. నల్ల టీషర్టు మీద డ్రాగన్ బొమ్మ ఉంటుంది. ఉతికి ఉతికి ఆ డ్రాగన్‌కి ఒక రెక్క ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. భుజాన సంచీ, సంచీలో మూడు రూల్‌బుక్కులు, వాటి నిండా రంగురంగుల చీటీలు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు కూడా వాటిని అంత శ్రద్ధగా చదివి ఉండరు.

ఆయన పీకలదాకా మునిగిన ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. స్ట్రేంజర్ థింగ్స్ చూసిన తెలుగువాళ్ళకి ఇది కొంత తెలుసు. మొదటి ఎపిసోడ్‌లో నలుగురు కుర్రాళ్ళు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ అరుస్తుంటారే, అదే. అందులో ఒకడు డంజన్ మాస్టర్. కథ చెప్పేది, గుహలు కట్టేది, భూతాల తరఫున కొట్టేది అన్నీ వాడే. మిగిలినవాళ్ళు తలా ఒక వీరుడి వేషం కట్టి, “నేను తలుపు బద్దలు కొడతాను” అంటారు. బద్దలవుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. ఒక్కో కథ ఏళ్ళ తరబడి సాగుతుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన ఈ ఆటని 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా నుంచి, మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి 10 డాలర్లకి అమ్మారు. మొదటి విడతలో చేసినవి 1,000 పెట్టెలు. పుస్తకాలు పల్చన, అందులోని వివరణలు మరీ పల్చన. ఏ పేజీ తిప్పినా “అంటే ఏమిటి?” అని అడగాల్సి వచ్చేది. రాయుడు పుట్టింది అక్కడే.

అయిదేళ్ళు తిరిగేసరికి ప్రశ్నలు ఎంత పేరుకుపోయాయంటే, 1979లో డ్రాగన్ పత్రిక వాటికోసమే ‘సేజ్ అడ్వైస్’ అనే శీర్షిక పెట్టింది. మొదట జవాబులు రాసినామె జీన్ వెల్స్. ఆ తరవాత రాసేవాళ్ళు మారారు, పత్రిక మారింది, కంపెనీ చేతులు మారింది. శీర్షిక పేరు మాత్రం నేటికీ బతికే ఉంది, ప్రశ్నలు అడిగే ఆసామీ నేటికీ ఆయనే.

ఆయన్ని మనవాళ్ళకి పరిచయం చెయ్యడం తేలికే. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు చూశారా, రాయుడు కూర్చునేది సరిగ్గా ఆ కుర్చీలోనే. కాకపోతే తాను ఇస్తున్నది సమస్యాపూరణం అనుకుంటాడు.

“నాదొక చిన్న ప్రశ్న” అని మొదలుపెడతాడు. చిన్న ప్రశ్నకి నాలుగు భాగాలుంటాయి. మొదటి భాగం తాను ఎన్నేళ్ళుగా ఆడుతున్నాడన్నది. రెండోది గత ఎడిషన్‌లో జరిగిన అన్యాయం. మూడోది ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికి తాను ఇంట్లో సొంతంగా రాసుకున్న రూలు. నాలుగో భాగం వచ్చేసరికి వెనకనున్న వాళ్ళు గొంతు సవరించుకుంటారు కాబట్టి, “సరే, మీరేమంటారు?” అని మైకు వదిలేస్తాడు. వేదిక మీదివాళ్ళు “మంచి ప్రశ్న, ఇంకా దానిమీద పనిచేస్తున్నాం” అంటారు. రాయుడు తల పంకిస్తూ కూర్చుంటాడు. జవాబు ముందే తెలిసినవాడి పంకింపు అది.

వీళ్ళలో ముదురు రకాన్ని దగ్గరగా చూడాలంటే ఆయన పాచికల డబ్బా తెరిపించాలి. అడుగున ఒక పాత ఇరవై ముఖాల పాచిక ఉంటుంది. కొన్నప్పుడు దాని మీది అంకెలకి రంగు లేదు; ఆ రోజుల్లో పాచికలతోపాటు ఒక క్రేయాన్ ముక్క ఇచ్చేవారు, అంకెల గాడిలో రుద్దుకుని నింపుకోవాలి. ఆయన రుద్దిన తెల్లరంగు నలభై ఏళ్ళలో పసుపు తిరిగింది. అంచులు అరిగి, వేస్తే ఆగదు, బల్ల దిగి సోఫా కిందికి పోతుంది. అయినా ముఖ్యమైన ఘట్టం వస్తే అదే తీస్తాడు. పక్కనే చిన్న డబ్బా మరొకటి, దానికి కటకటాలు. వరసగా రెండుసార్లు ఒకటి పడిన పాచికని అందులో పడేస్తారు. అది జైలు. మిగిలిన పాచికలు చూసి బుద్ధి తెచ్చుకోవాలన్నమాట.

డబ్బా కింద మడతపెట్టిన కాగితం ఉంటుంది. క్యారెక్టర్ షీటు. ప్రాణబలం అంకె రాసేచోట రబ్బరుతో చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పడింది. వెనకనుంచి టేపు అతికించి, టేపు మీద రాశాడు. ఇది ఆయన వీరుడి జాతకం. పేరు గ్రుక్. జాతి హాఫ్ ఆర్క్, అంటే తల్లిదండ్రుల్లో ఒకరు మనిషి, ఒకరు ఆర్క్ అనే భూతజాతి. వృత్తి అసాసిన్, హంతకుడు. రాయుడు ఎవరిమీదా అరవడు, చీమని తొక్కడు. గ్రుక్ మాత్రం కిరాయికి గొంతులు కోస్తాడు.

గ్రుక్ జీవితం చూస్తే రాయుడి మీద జాలి వేస్తుంది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకంలో హాఫ్ ఆర్క్ ఉన్నాడు, అసాసిన్ ఉన్నాడు. రెండూ కలిస్తే దివ్యంగా ఉండేది. 1989లో రెండో ఎడిషన్ వచ్చింది. ఈ ఆట పిల్లల్ని సైతాను పాలు చేస్తోందని అమెరికాలో మతవాదులు గోల చేస్తున్న కాలం. కంపెనీ బెదిరి, డెమన్లకి ‘టనారి’ అని, డెవిల్స్‌కి ‘బాటెజు’ అని పేర్లు మార్చింది. అదే భయంతో హాఫ్ ఆర్క్‌ని తీసేసింది, అసాసిన్నీ తీసేసింది. గ్రుక్‌కి ఒకేరోజు కులమూ పోయింది, కూడూ పోయింది. 2000లో మూడో ఎడిషన్ హాఫ్ ఆర్క్‌ని వెనక్కి పిలిచింది. 2003లో దాన్నే సవరించి మూడున్నర అన్నారు; పుస్తకాలు మళ్ళీ కొన్నాడు. 2008లో నాలుగో ఎడిషన్ మొదటి పుస్తకంలో హాఫ్ ఆర్క్ లేడు, 2009లో రెండో పుస్తకంలో ఉన్నాడు. 2014లో అయిదో ఎడిషన్‌లో దర్జాగా మొదటి పుస్తకంలోనే ఉన్నాడు. 2024లో మళ్ళీ లేడు. ఆ స్థానంలో నిండు ఆర్క్ వచ్చాడు. “పాత పుస్తకంలో ఉన్నవాళ్ళని కూడా ఆడుకోవచ్చండీ” అని కంపెనీ అంటుంది. నిజమే, అలా ఆడుకోవచ్చు. కానీ ఊళ్ళో ఉండొచ్చు, ఓటరు లిస్టులో మాత్రం ఉండవు అంటే ఎవరికైనా మండుతుంది కదా.

అందుకే ఆయన అడిగే రూలు ఏదైనా, పాచికల లెక్క ఏదైనా, లోపలి ప్రశ్న ఒక్కటే. మా వాడు ఉంటాడా?

నాలుగో ఎడిషన్‌లో నోమ్ అనే పొట్టి జాతివాళ్ళ విషయంలో ఇదే జరిగింది. మొదటి పుస్తకంలో వాళ్ళకి చోటు లేదు, భూతాల పుస్తకంలోకి పంపారు. కంపెనీ ఒక కార్టూన్ కూడా తీసింది: పాపం నోమ్ తాను ఇప్పుడు భూతాన్నని చెప్పుకుని, పీలగొంతుతో గర్జిస్తాడు. కంపెనీ నవ్వుకుంది. నోమ్ రాయుళ్ళు నవ్వలేదు. మరుసటి ఏడు నోమ్ తిరిగొచ్చాడు.

రాయుడిది మతిమరుపుతో కూడిన ప్రేమ కూడా. రెండో ఎడిషన్ నడిచినన్నాళ్ళూ దెబ్బ తగిలిందో లేదో తేల్చే ‘థాకో’ అనే లెక్కని తిట్టనిరోజు లేదు. అందులో కవచం ఎంత గట్టిదైతే అంకె అంత చిన్నది, సున్నా దాటి మైనస్ పదిదాకా దిగుతుంది. నీ థాకో 20, ఎదుటివాడి కవచం 4 అయితే పాచిక మీద 16 పడాలి. కవచం మైనస్ 3 అయితే 23 పడాలి, ఉన్నవి ఇరవై ముఖాలే. 2000లో దాన్ని ఎత్తేసి, ఎక్కువంటే ఎక్కువే అన్నారు. అప్పట్నుంచీ రాయుడికి థాకో మీద బెంగ. “ఆ లెక్క చేస్తే బుర్ర పదునెక్కేది” అంటాడు.

ఇక 2022 ఆగస్టులో కంపెనీ కొత్త పని మొదలుపెట్టింది. ‘వన్ డి అండ్ డి’ అని పేరు. ఇది కొత్త ఎడిషన్ కాదు, అయిదో ఎడిషనే, పుస్తకాలు మాత్రం కొత్తవి అన్నారు. ఇంతకన్నా రాయుడికి ఏం కావాలి? “ఎడిషన్ కానప్పుడు దీన్ని ఏమని పిలవాలి?” అన్న ఒక్క ప్రశ్న మీద రెండేళ్ళు గడిపాడు. అయిదున్నర అన్నాడు. పోనీ 2024 అన్నాడు. ఆరు అనబోయి ఆగాడు.

పైగా ముసాయిదా రూల్సు జనం మీదికి వదిలి, మీ అభిప్రాయం చెప్పండని సర్వేలు పెట్టారు. మొదటి ముసాయిదాలో ఇరవై పడినా భూతాలు కొట్టే దెబ్బ రెట్టింపు కాదన్నారు. డంజన్ మాస్టర్లు భగ్గుమన్నారు, తరవాతి ముసాయిదాలో అది పోయింది. జంతువు తలతో ఉండే ఆర్డ్లింగ్ అనే కొత్త జాతి వచ్చింది, ఎవరికీ నచ్చలేదు, వెళ్ళిపోయింది. రాయుడు ప్రతి సర్వేనీ నింపాడు. బాగుందా బాగోలేదా అని అడిగితే, కింద ఇచ్చిన పెట్టెలో వ్యాసం రాశాడు. మధ్యలో 2023 జనవరిలో కంపెనీ, ఇతరులు ఈ రూల్సు వాడుకునే లైసెన్సుని మార్చబోయి, జనం తిరగబడితే ఆ నెల 27న వెనక్కి తగ్గింది. ఆ నెలంతా రాయుడు లాయరు.

ఆయన ప్రతిభ నిజంగా చూడాలంటే మాయమైనవాడి కేసు చూడాలి. 2014 పుస్తకంలో అదృశ్యుడు అన్న స్థితికి రెండు అంశాలున్నాయి. ఒకటి, వాడు కనబడడు. రెండు, వాడు కొట్టే దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ, వాడిమీద వేసే దెబ్బ తగిలే అవకాశం తక్కువ. రాయుడు అడిగాడు: “నా దగ్గర అదృశ్యాన్ని చూసే మంత్రం ఉంది. వాణ్ణి శుభ్రంగా చూస్తున్నాను. అయినా రెండో అంశం వర్తిస్తుందా?” అక్షరాలా చదివితే వర్తిస్తుంది. అప్పట్లో ఆటకి ప్రధాన రూపకర్తల్లో ఒకరైన జెరెమీ క్రాఫర్డ్ కూడా వర్తిస్తుందనే అన్నాడు. కళ్ళెదుట కనబడుతున్నవాణ్ణి గుడ్డిగా కొట్టాలన్నమాట. పదేళ్ళు దీన్ని చెప్పుకుని తిరిగాడు రాయుడు.

2024లో సరిదిద్దారు. చూడగలిగినవాడి ముందు ఆ లాభం చెల్లదని స్పష్టంగా రాశారు. ప్రపంచం కుదుటపడిందనుకునేలోపు ఆయన పేజీ తిప్పాడు. కొత్త పుస్తకంలో చాటున దాక్కుని, పాచికతో కలిపి 15 తెచ్చుకుంటే, దాక్కున్నవాడికీ అదే ‘అదృశ్య’ స్థితి ఇస్తారు. “అయితే పీపా వెనక నక్కినవాడు లేచి హాలు మధ్యలోకి నడిచొస్తే, అప్పుడు కూడా అదృశ్యుడేనా?” డంజన్ మాస్టర్ నోరు తెరిచాడు. “శత్రువు పట్టుకునేదాకా అని రాశారు. పట్టుకోవడం అంటే చూడటమా, వెతకటమా?” నోరు మూశాడు. ఆ రాత్రి ఆట సాగలేదు, పిజ్జా చల్లారిపోయింది, పీపా వెనకవాడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

మన తెలుగు రాయుళ్ళు కూడా ఉన్నారు, డాలస్‌లో, న్యూజెర్సీలో, హైదరాబాద్ బోర్డ్ గేమ్ కెఫేల్లో. వీళ్ళ గోడు వేరు. ఈ ఆటలో ‘రాక్షస’ అని ఒక భూతం 1970ల నుంచీ ఉంది. వాడికి పులి తల, ఒంటిమీద పట్టుబట్టలు, అరచేతులు రెండూ వెనక్కి తిరిగి ఉంటాయి. 1977 పుస్తకం ప్రకారం ఆశీర్వదించిన బాణం తగిలితే చచ్చిపోతాడు. బాణం దాకా మనకి పేచీ లేదు. పులి తల ఎక్కడిది? పదితలల వాళ్ళని చూసిన జాతి మనది, ఒక్క తలకి ఇంత హంగామానా? ఇది అడిగితే పక్కనున్న డేవ్, “అరచేతులు వెనక్కి ఉంటే వాడు చప్పట్లు ఎలా కొడతాడు?” అని దారి తప్పిస్తాడు. అప్పుడు తెలుగువాడు కూడా అసలు సంగతి మరిచి చప్పట్ల లెక్కలో పడతాడు.

ఇన్ని అడిగి, చివర్లో ఆయన చెప్పేది ఒకటే: “ఈసారి కొనను.” వచ్చినప్పుడు ఒక్కో పుస్తకం ధర 49.99 డాలర్లు. మూడు కలిపితే నూట యాభై. 2024 సెప్టెంబరు 17న ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చింది, 384 పేజీలు. రాయుడు కొన్నాడు. ఊరికే తప్పులు చూడటానికట. నవంబరులో మాస్టర్ల పుస్తకం వచ్చింది. అదీ తప్పుల కోసమే.

ఆ రెండో పుస్తకంలోనే ఆయన జన్మ ధన్యమైంది. రాయుళ్ళ కులదైవం లాంటి ప్రశ్న ఒకటుంది. ఆటలో ఒక రౌండు అంటే ఆరు సెకన్లు. ఎంతమంది ఉన్నా అందరి వంతులూ ఆ ఆరు సెకన్లలోనే అయిపోతాయి. సరే, వేలమంది పల్లెజనాన్ని వరసగా నిలబెట్టి, ఒక ఈటెని పక్కవాడికి అందించు, పక్కవాడికి అందించు అని సిద్ధంగా ఉంచితే? ఆరు సెకన్లలో ఈటె మైళ్ళు దాటుతుంది. ఆఖరివాడు విసిరితే ఆ వేగానికి డ్రాగనేమిటి, కోటే ఎగిరిపోవాలి కదా? ఏళ్ళ తరబడి మాస్టర్లని చంపుకుతిన్న ప్రశ్న ఇది. 2024 పుస్తకంలో కంపెనీ దీనికి అచ్చులో జవాబిచ్చింది: రూల్సు ఉన్నది ఆటకోసం, అవి భౌతికశాస్త్రం కాదు, మామూలు జనం వరసగా నిలబడి చేతులు మార్చుకుంటే ఈటెకి కాంతివేగం వస్తుందని ఎవరైనా వాదిస్తే ఒప్పుకోకండి అని.

రాయుడు ఆ పేజీకి బంగారు రంగు చీటీ అంటించాడు. స్నేహితులందరికీ చూపించాడు. తన ప్రశ్న పుస్తకానికెక్కిందని మిఠాయి పెట్టినంత పని చేశాడు. తరవాత ఆ వాక్యాన్ని మళ్ళీ, వేలు పెట్టి, నెమ్మదిగా చదివాడు.

“వరసలో అన్నారు,” అన్నాడు. “గుండ్రంగా నిలబెడితే?”