నా బకెట్‌కు అందని పని

చక్రాల మీద కాదు, గొలుసుల మీద నడుస్తాను. అయినా నంద్యాలలో నన్ను జేసీబీ అనే పిలుస్తారు. గంటల లెక్కన కిరాయికి పోతాను. వానలకు ముందు కుందూ నదిలోనో, ఊళ్లోని మద్దిలేరు, చామకాల్వల్లోనో, ఆళ్లగడ్డ దగ్గర వక్కిలేరులోనో దిగుతాను. జమ్ము, గుర్రపుడెక్క పెరికి, పూడిక తీసి గట్టున పోస్తాను. వాన పడితే ఆ మట్టి మళ్లీ లోపలికే జారుతుంది.

ఒక రైతు నా డ్రైవరును అడిగినాడు: "ఏం నాయనా, పోయినేడూ ఈడనే తవ్వితిరి గదా?"

"పోయినేటి బిల్లే ఇంకా రాలేదు పెద్దాయనా!"

తప్పు మట్టిది కాదు. ఇది నల్లరేగడి. ఎండకు బీటలు వారుతుంది, తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. గట్టును నిలువునా కోస్తే అడుగున నీళ్లు తొలిచి కూలుస్తాయి. వాలుగా దించి వట్టివేరు నాటితే, వేళ్లు మూడు మీటర్ల దాకా దిగి మట్టిని పట్టుకుంటాయి. వాలు నేను తీయగలను. వేళ్లు దింపడం నా చేత కాదు.

గుర్రపుడెక్కను పెరకాల్సిందే. నీటి మీద చాపలా పరుచుకుని గాలీ వెలుతురూ లోపలికి పోనివ్వదు. జమ్ము అట్లా కాదు. ఆకుల నుంచి గాలిని బురదలోని వేళ్లకు దింపుతుంది. ఆ వేళ్ల చుట్టూ బతికే సూక్ష్మజీవులు మురుగును తింటాయి. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో ఇట్లాంటి మొక్కలనే తెప్పల మీద నాటి నీట్లో వదిలారు. ఊరి మురుగంతా జమ్ము ఒక్కటే మోయలేదు. ముందు శుద్ధి కేంద్రం ఉండాలి. పారే దారి వదిలి అంచుల్లో జమ్మును ఉంచి, ఏటా కోయాలి. కోయకపోతే కుళ్లి, తీసుకున్నదాంట్లో చాలావరకు నీళ్లకే తిరిగిస్తుంది.

ఇక వరద. 2019 సెప్టెంబరులో మహానంది గుడిలోకే నీళ్లొచ్చాయి. అంత నీటికి లోతొక్కటే చాలదు, పరుచుకునే జాగా కావాలి. సింగపూర్‌లో బిషన్ పార్కు పక్కనున్న 2.7 కిలోమీటర్ల సిమెంటు కాల్వను తీసేసి, 2012 నాటికి 3.2 కిలోమీటర్ల వంకర ఏరుగా మార్చారు. ఎండరోజు జనం గట్టున తిరుగుతారు. పెద్దవాన పడితే పార్కులోకే వరద పరుచుకుంటుంది.

నన్ను పిలవొద్దని అనను, కిరాయి నాకూ కావాలి. అయితే ఏటా పూడికకు కాదు. గట్లు వాలు చేయడానికి, ఏటికి జాగా విడిపించడానికి పిలవండి. ఆ తర్వాత కావాల్సింది ఏటేటా కొడవలి పట్టే మనుషులు. వాళ్ల కూలి ఎవరిస్తారో మొదటి మొక్క నాటకముందే కాగితం మీద రాసుకోండి.