వేలానికి రాని గ్లాసు

అమెరికాలో చొక్కాకి ఉన్న గిరాకీ మనిషికి లేదు. తిడుతున్నాననుకోకండి, లెక్క చెబుతున్నాను. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబ్బెట్స్ ఫీల్డ్‌లో జాకీ రాబిన్‌సన్ అనే నల్లజాతి యువకుడు డాడ్జర్స్ జట్టు తరఫున బరిలోకి దిగాడు. అంతకు ముందు అరవై ఏళ్లకు పైగా మేజర్ లీగ్ బేస్‌బాల్ గడప నల్లవాడు తొక్కింది లేదు. ఆ ఏడాది అతని జీతం 5,000 డాలర్లు. ఆ ఏడాదే అతను తొడుక్కున్న చొక్కా ఒకటి 2017లో వేలానికొస్తే 20 లక్షల 50 వేల డాలర్లు పలికింది. భాగించి చూడండి. అదే జీతం మీద 410 ఏళ్లు ఆడితే రాబిన్‌సన్ తన చొక్కా తాను కొనుక్కోగలడు. అదీ మధ్యలో ఒక్క పూట కూడా అన్నం తినకుండా ఉంటే.

చొక్కా దాకా ఎందుకు, ఆ తొలి ఆట చూడటానికి వెళ్లినవాడెవడో దాచుకున్న టికెట్ ముక్క 2022 ఫిబ్రవరిలో 4 లక్షల 80 వేల డాలర్లకు పోయింది. అప్పటి మన రూపాయల్లో మూడున్నర కోట్ల పైమాటే. అదే ఏడాది చివర్లో వరల్డ్ సిరీస్ జరిగితే, తలపడిన రెండు జట్లలో కలిపి అమెరికాలో పుట్టిన నల్ల ఆటగాడు ఒక్కడూ లేడు. 1950 తర్వాత అలా జరగడం అదే మొదలు. టికెట్ ముక్క రేటు ఆకాశానికెక్కింది, మైదానంలో మనుషులు ఆవిరైపోయారు. సేకరించేవాళ్లకి ఇందులో బాధపడాల్సిందేమీ కనపడలేదు. సరుకు అరుదైతేనే కదా ధర.

నాకు మాత్రం ఆ సామానంతటిలో ఒక ఫొటో మీద మనసు పడింది. ఫిలడెల్ఫియా జట్టు మేనేజర్ బెన్ చాప్‌మన్ ఆ ఏప్రిల్‌లోనే రాబిన్‌సన్‌ని మైదానం అంచున నిలబడి జాతి పేరుతో తిట్టిపోశాడు. పత్రికల్లో గోల లేచింది. మే నెలలో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి రాజీ ఫొటో తీశారు. చెయ్యీ చెయ్యీ కలపలేదు. ఒకే బ్యాటుని ఇద్దరూ చెరో చోట పట్టుకున్నారు. చర్మం చర్మానికి తగలలేదు, రాజీ మాత్రం కుదిరింది. దోసిలి పట్టమని పైనుంచి నీళ్లు పోసిన మన పాతకాలపు పటేళ్లు ఆ ఫొటో చూసి ఉంటే, ఇంత సులువైన ఉపాయం మనకెందుకు తట్టలేదని నొచ్చుకునేవాళ్లు.

అంత దూరపు దేశం అవమానాన్ని అమ్ముకుని బాగుపడుతుంటే మన మొగుడంపల్లి వెనకబడటం ఏం న్యాయం? జహీరాబాద్ మండలం నుంచి విడిపోయి 2016లో సొంత మండలమైంది. చెంతనే ముంబయి హైవే, అటు పక్క కర్ణాటక. అల్లం వేస్తే ఏ ఏడు ఏ ధరొస్తుందో దేవుడికే తెలియదు. చెరకు వేస్తే బిల్లు ఎప్పుడొస్తుందో ఫ్యాక్టరీకే తెలియాలి. అవమానం అలా కాదు, కరువులోనూ పండే పంట. అందుకని మండల కేంద్రంలో ఒక వేలం పాట పెడదామని ప్రతిపాదిస్తున్నాను. కేటలాగు తయారుగా ఉంది.

లాట్ నంబరు 1: మట్టి పాత్ర. ఇది పూనా సరుకు. బేస్‌బాల్ మనకు రాదు కాబట్టి క్రికెట్‌తో మొదలుపెడుతున్నాం. పల్వంకర్ బాలూ దళితుడు, ఎడమచేతి స్పిన్నర్. హిందూ జట్టులో అతని బంతి కావాలి, అతను అక్కర్లేదు. విరామంలో మిగతావాళ్లు పెవిలియన్‌లో పింగాణీ కప్పుల్లో చాయ్ తాగితే, అతనికి బయట మట్టి పాత్రలో. 1911లో ఇంగ్లండ్ వెళ్లి 114 వికెట్లు తీసుకొచ్చాడు. అయినా కెప్టెన్సీ ఇవ్వలేదు. అతని తమ్ముడు విఠల్‌కి 1923లో అది దక్కింది. అందరూ పట్టుకుని విసురుకునే బంతికి అంటు లేదు, కప్పుకి ఉంది. మన దగ్గరా అదే శాస్త్రం. చెరకు నరికిన చేతికి అంటు లేదు, ఆ చెరకు చక్కెర కలిపిన చాయ్ గ్లాసుకి ఉంటుంది. ఓటుకి అసలే లేదు. మా జహీరాబాద్ అసెంబ్లీ సీటు 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు.

లాట్ నంబరు 2: బిందె. ఊరు కారంచేడు, సంవత్సరం 1985. దళితులు తాగునీళ్లు పట్టుకునే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే కాదన్నారు. కాదన్నవాళ్ల మీద దెబ్బ పడబోతే ఒక దళిత స్త్రీ చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు జూలై 17న మాదిగపల్లె మీద దాడి, ఆరుగురి హత్య. బ్రూక్లిన్‌లో ఎత్తిన బ్యాటుకి లక్షల డాలర్లిచ్చే ప్రపంచం కారంచేడులో ఎత్తిన బిందెకి ఎంతిస్తుందో పాడి చూడాలి. కనీస ధర ఆరు ప్రాణాలు. అది ముందే చెల్లించేశారు.

లాట్ నంబరు 3: సినిమా టికెట్. ఊరు చుండూరు, సంవత్సరం 1991. హాల్లో ఒక దళిత యువకుడి కాలు పై కులం కుర్రాడికి తగిలింది. ఆగస్టు 6 నాటికి ఆ కాలి తాకిడి ఎనిమిది మంది దళితుల శవాల దాకా వెళ్లింది. 2007లో ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. వేలంశాలల్లో ఏ వస్తువుకైనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో తెలిపే పుట్టుపూర్వోత్తరాల పత్రం అడుగుతారు. ఎనిమిది శవాలున్నాయి, చంపిన చేతులు లేవు. ఇలాంటి పత్రంతో వస్తువుకి రేటు పలకదు.

కొనేవాళ్లకు మాత్రం కొదవ లేదు. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న మన అన్న ఒక్కడు చాలు. రాబిన్‌సన్ నంబరు 42. లీగంతా 1997లో దాన్ని ఇక ఎవరికీ ఇవ్వకుండా విరమింపజేసింది. ఏటా ఏప్రిల్ 15న మాత్రం ఆటగాళ్లందరూ 42 వేసుకుంటారు. ఒకడు ఏళ్ల తరబడి మోసిన బరువుని అందరూ ఒక్క పూట మోస్తే బాకీ తీరిపోతుందని లెక్క. ఇక్కడ దానికి ముందురోజే అంబేద్కర్ జయంతి, నాయకులందరి మెడల్లో నీలి కండువాలు. రెండు దేశాలూ కలిసి వరసగా రెండు రోజులు సమానత్వం జరుపుకుంటాయి, పదహారో తారీఖు నుంచి యథాప్రకారం.

మన అన్న ఏప్రిల్ 15న స్టేడియంలో 42 చొక్కాతో సెల్ఫీ దిగుతాడు. అద్దాల బీరువాలో సంతకం చేసిన బంతి పెట్టుకుంటాడు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షని నిషేధించినప్పుడు మాత్రం ఒళ్లు మండింది. అమెరికాలో కులమెక్కడిది, మన పరువు తీస్తున్నారని వాట్సాప్‌లో వాపోయాడు. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన కుల వివక్ష బిల్లుని గవర్నర్ న్యూసమ్ అక్టోబరులో వీటో చేస్తే ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఆనందంలోనే అమ్మాయి పెళ్లి సంబంధాల ఫారం తెరిచి, కులం, శాఖ గడులు తప్పులేకుండా నింపాడు.

సేకరించిన వాటికి కాపలా కూడా కావాలి. 2024 జనవరిలో కాన్సస్ రాష్ట్రం విచిటాలో రాబిన్‌సన్ కంచు విగ్రహాన్ని చీలమండల దగ్గర కోసి ఎత్తుకుపోయారు. జాతి ద్వేషమేమోనని దేశమంతా కంగారుపడితే, చివరికి అది పాత సామాను ధర కోసం చేసిన దొంగతనమని తేలింది. మిగిలిన రెండు బూట్లు నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియానికి చేరాయి. మనం ముందుచూపున్నవాళ్లం. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం ఎత్తు 125 అడుగులు. కోయడానికి దొంగకీ అందదు, అనుసరించడానికి మనకీ అందదు.

లాట్ నంబరు 4: చాయ్ గ్లాసు. కేటలాగుకంతటికీ తలమానికం. హోటల్ బయట దళితులకని విడిగా పెట్టి, తాగినవాడే కడిగి తిరిగి అక్కడే పెట్టాల్సిన గ్లాసు. తీరా పాటకి పెడదామనేసరికి పేచీ వచ్చింది. పురావస్తువు కావాలంటే వస్తువు ముందు వాడకంలోంచి తప్పుకోవాలి. 42 నంబరు విరమించింది కాబట్టి చొక్కా మ్యూజియానికెక్కింది. మన గ్లాసు విరమించిందని రాసిచ్చేదెవరు? 1950లోనే రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. రద్దయిన దాన్ని శిక్షించడానికి 1955లో ఒక చట్టం, అది చాలక 1989లో మరొకటి చేసుకున్నాం. అవీ చాలక ప్రతి నెలా 30న ఊళ్లలో పౌర హక్కుల దినం జరపాలి. తహసీల్దారు, ఎస్సై దళితవాడకొచ్చి, కుర్చీలేయించుకుని, రెండు గ్లాసుల పద్ధతి నేరమని చెప్పి వెళ్లాలి. ఫిబ్రవరిలో 30 లేదు కాబట్టి ఆ నెల హక్కులు ఏ తారీఖున మేలుకోవాలో తెలియదు. ఏ ఆఫీసుని అడిగినా ఒకటే జవాబు: మా మండలంలో అలాంటిది లేదు, పక్క మండలంలో అడగండి.

మా వైపు వాళ్లకి దాచడం చేతకాదని మాత్రం అనకండి. పస్తాపూర్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు జొన్న, కొర్ర, సామ, పప్పు ధాన్యాల పాత విత్తనాలని బుట్టల్లో బూడిద కలిపి, పేడ అలికి దశాబ్దాలుగా కాపాడుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా వాళ్లకొచ్చింది. వాళ్లని పిలిచి ఈ గ్లాసు కూడా దాచమంటే ఒప్పుకోరు. విత్తనాన్ని దాచేది మళ్లీ మొలవాలని.

పోనీ గ్లాసు గురించి హోటల్ సేటునే అడుగుదామంటే, "గిప్పుడు అందరికీ పేపర్ కప్పే సార్, గా ముచ్చట ఎప్పుడో ఖతమైంది" అంటాడు. రాజ్యాంగానికి సాధ్యం కానిది రూపాయి ఖరీదు లేని కాగితం కప్పు సాధించింది. ఎవడు తాగినా నలిపి పారెయ్యడమే, ఇక పోలిక ఎక్కడిది? పూనాలో బాలూకిచ్చిన మట్టి పాత్ర కూడా ఈ జాతి సరుకే. తెల్లవాడు తన పాపపు సామాను దాచి అమ్ముకుంటాడు, మనం వాడి పారేస్తాం. రేపు ఏ మ్యూజియం వాళ్లో ఆనవాళ్లు చూపమని వచ్చినా చూపడానికి చెత్తకుండీ తప్ప మరేం ఉండదు. కేసు పెట్టడానికి సాక్ష్యమూ ఉండదు.

కాబట్టి నాలుగో లాట్‌కి ఊళ్ల నుంచి సరుకు రాదు, పట్నాల నుంచే సేకరించాలని కమిటీ తీర్మానించింది. రెండు గ్లాసులు పల్లెటూరి మూఢత్వమని నమ్మే చదువుకున్న పాఠకులకి ఇదే ఆహ్వానం. పాటలో పాల్గొనడానికి డిపాజిట్ అక్కర్లేదు. మీ ఫ్లాట్‌లో పనమ్మాయికి చాయ్ పోసే గ్లాసు, సింకు కింద ఓ మూల విడిగా పెడతారే, అది పట్టుకొస్తే చాలు.